మూఢం లేని ఆర్కెస్ట్రా

కొవ్వూరులో జ్ఞానప్రకాశం మాస్టారి ఆర్కెస్ట్రాకి రెండు గొప్పలుండేవి. మూడు వయొలిన్లు కలిసి వాయిస్తే ఒక్క చెయ్యి వాయించినట్టుండేది, అది మొదటిది. ఏడాదిలో ఏ నెలా ఆ ఆర్కెస్ట్రాకి ఖాళీ ఉండేది కాదు, అది రెండోది. మొదటి గొప్ప మాస్టారిది. ఆయన హైస్కూల్లో డ్రిల్లూ సంగీతమూ రెండూ నేర్పి రిటైరైన మనిషి. రెండో గొప్ప మేనేజరు పల్లంరాజుగారిది.

ఖాళీ లేకపోవడం వెనక కిటుకు చాలా తేలికైనది. గురుడో శుక్రుడో సూర్యుడి చాటున పడి మూఢం వస్తే హిందువుల ఇళ్ళలో పెళ్ళిళ్ళు ఆగిపోతాయి. తక్కిన ఆర్కెస్ట్రాల వాళ్ళు డ్రమ్ముల మీద దుప్పట్లు కప్పి ఈగలు తోలుకుంటూ కూర్చుంటారు. కానీ మూఢంలో చర్చి పెళ్ళిళ్ళు ఆగవు. మళ్ళీ ఈస్టరుకి ముందు వచ్చే శ్రమల దినాల్లో చర్చిలో పెళ్ళి మాట ఎత్తరు, సరిగ్గా అప్పుడే మాఘ ఫాల్గుణాల ముహూర్తాలతో ఊళ్ళన్నీ హోరెత్తిపోతుంటాయి. మాస్టారు లూథరన్. పల్లంరాజుగారేమో పంచాంగం చూడనిదే కాఫీ గ్లాసు ముట్టని మనిషి. ఇద్దరి పరిచయాలూ కలిపితే ఏడాది పొడవునా పెళ్ళే. "మాకు మూఢం లేదు, శ్రమల దినాలూ లేవండి, ఆయ్" అని పల్లంరాజుగారు అందరికీ చెప్పుకునేవారు. వ్యాను వెనక కూడా ఆ మాటే ఎర్ర అక్షరాలతో రాయించారు.

ఈ గొప్పకి సంతోషించని మనిషి ఒక్కతే ఉండేది. ఆవిడ మాస్టారి భార్య ప్రసన్నకుమారి.

ఆవిడ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. రిటైరైన నర్సుకి పేషెంట్లు ఉండరని ఎవరైనా అనుకుంటే వాళ్ళు ఆ ఇంట్లో ఓ సాయంత్రం కూర్చోవాలి. మేడ మీద రేకుల షెడ్డులో ప్రాక్టీసు జరుగుతుంటే, కుర్రకారంతా ఒక్కొక్కరే ఏదో వంకతో కిందికి దిగి వంటింట్లోకి వచ్చేవారు. నొప్పి అని మాత్రం ఎవరూ వచ్చేవారు కాదు. డ్రమ్స్ వాయించే దుర్గాసాయి మంచినీళ్ళకని వచ్చి, రెండు గ్లాసులు తాగాక, "రాత్రి పడుకుంటే చెవిలో ఈల మోగుతోందండి అమ్మగారూ" అనేవాడు. క్లారినెట్ రాజ్ కుమార్ పెదవి లోపల పుండు చూపించేవాడు. పాడే పావని మాట్లాడకుండా గొంతు మీద చెయ్యి పెట్టి నిలబడేది. ప్రసన్నకుమారి ఒకరికి ఆవిరి పట్టించేది, ఒకరికి ఉప్పు వేయించి మూట కట్టి కాపడం పెట్టేది. ఇరవై ఏళ్ళైనా నిండని పిల్లలకి అరవై ఏళ్ళ వాళ్ళ నొప్పులేంటని లోపల్లోపల మండిపడేది. వెళ్ళేటప్పుడు మాత్రం అందరిదీ ఒకటే మాట. "మాస్టారికి చెప్పకండేం!"

బయట పేరు గొప్ప, లోపల ఊరు దిబ్బ అని ఆవిడ గొణుక్కునేది. ఒకటి రెండుసార్లు భర్తతో అని చూసింది కూడా.

"నొప్పి పుట్టకుండా ఎవడికి వచ్చిందే విద్య?" అని మాస్టారు కొట్టిపారేశారు. "చెయ్యి తిరగాలంటే నొప్పెట్టాలి. వాళ్ళేమన్నా పంచదార బొమ్మలా?"

మాస్టారు చెడ్డ మనిషి కాదు. ఆ పిల్లలంటే ప్రాణం. దారిలో ఎవరికైనా ఆకలేస్తే వ్యాను ఆపించి ఇడ్లీలు పెట్టించేవారు. కాకపోతే ఆయన దృష్టిలో శరీరం అనేది వయొలిన్ పెట్టెలాంటిది, లోపలున్నది బాగుంటే చాలు, పెట్టె సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఏప్రిల్ నెలలో ఓ సాయంత్రం మొదటి వయొలిన్ వినీల వంటింట్లోకి వచ్చింది. పందొమ్మిదేళ్ళ పిల్ల, బస్టాండు దగ్గర టైలరు కూతురు, మాస్టారి శిష్యులందరిలోకీ మెరిక. ఆ జూలైలో విజయవాడ రేడియో స్టేషన్లో ఆ పిల్లకి ఆడిషను ఉంది. అందులో నెగ్గితే రేడియో ఆర్టిస్టు. చుట్టుపక్కల పది ఊళ్ళలో ఏ ఆడపిల్లా వయొలిన్ పట్టుకుని అంత దూరం వెళ్ళలేదు.

"అమ్మగారండీ, ఈ సీసా మూత కాస్త తీసి పెడతారా?" అంది వినీల.

ప్రసన్నకుమారి మూత తీసింది. అది బిగుసుకున్న మూత కాదు, చిన్నపిల్లలు కూడా తీసేస్తారు. ఆవిడ సీసా గట్టు మీద పెట్టి, "ఏదీ, ఎడం చెయ్యిలా ఇవ్వు" అంది. ఆ మండు వేసవిలో కూడా పిల్ల నిండు చేతుల జాకెట్టు వేసుకొచ్చింది. జాకెట్టు చెయ్యి పైకి లాగి చూస్తే మణికట్టు వాచి ఎర్రగా ఉంది.

"ఎన్నాళ్ళ నుంచే?"

"మాఘమాసం పెళ్ళిళ్ళప్పటి నుంచండి. అసలు చెయ్యి తిరగట్లేదండి. చివరి రెండు వేళ్ళూ ఒక్కోసారి నావి కానట్టే ఉంటున్నాయి."

"మరి మాస్టారితో చెప్పవేం?"

వినీల తల వంచుకుంది. "చెబితే కుర్చీ పోతుందండి. ప్రోగ్రాంకి రాకపోతే శ్రీదుర్గని ఆ కుర్చీలో కూర్చోబెడతారు. ఒకసారి లేస్తే మళ్ళీ నాకు రాదు. ఆడిషనుకేమో మాస్టారే నన్ను తీసుకెళ్ళాలి."

పిల్లలందరూ ఎందుకు దాస్తున్నారో ప్రసన్నకుమారికి అప్పుడు అర్థమైంది. వాళ్ళ భయం నొప్పికి కాదు, కుర్చీకి. శ్రీదుర్గ రెండో వయొలిన్, మంచి పిల్లే, వినీల స్నేహితురాలే. అయినా కుర్చీ కుర్చీయే.

"ఈ చేత్తో ఇలాగే వాయిస్తే కుర్చీ కాదే, వయొలినే పోతుంది" అందావిడ. "నేను చెబితే నర్సమ్మ చాదస్తం అంటారు. రేపు నువ్వే చెప్పు. నోరు తెరిచి చెప్పు."

చెబుతానంది. మర్నాడు ప్రసన్నకుమారి కింద కూర చేస్తూ చెవులు పైనే పెట్టుకుంది. ఏం జరిగిందో వినపడలేదు గానీ, అందరూ వెళ్ళిపోయాక కూడా ఒక్క వయొలిన్ మాత్రం ఇంకో గంట మోగుతూనే ఉంది. పిల్లకి ధైర్యం చాలలేదు కాబోలనుకుని ఆవిడ చాలా బాధపడింది.

ఆ వారంలోనే ఆత్రేయపురంలో ఓ పెళ్ళి రిసెప్షను. షామియానా నిండా జనం, ముందు వరసలో పెళ్ళివారి ఆడవాళ్ళ పక్కన ప్రసన్నకుమారి. మూడు వయొలిన్ల మీద మాస్టారు కట్టిన ఓ వాద్యం ఉంది. అది అయ్యేసరికి జనం ఈలలు వేసి "ఒన్స్ మోర్!" అని అరిచారు. గోదావరి జిల్లాల్లో ఒన్స్ మోర్ అంటే మర్యాద. వాయించకపోతే అన్నం పెట్టినవాడి చెయ్యి తోసేసినట్టు. మాస్టారు చేతులు జోడించి, వెనక్కి తిరిగి, మళ్ళీ మొదలన్నట్టు కళ్ళతో సైగ చేశారు.

రెండోసారి సగం దాకా బాగానే నడిచింది. ఆ తర్వాత వినీల కమాను కదులుతోంది గానీ ఎడం చేతి వేళ్ళు కదలడం లేదు. స్వరం ఒకచోట జారి, అక్కడే ఆగింది. తక్కిన రెండు వయొలిన్లూ ముందుకెళ్ళిపోయాయి. జనానికి పెద్దగా తెలియలేదు. మాస్టారికి తెలిసింది, ఆయన కళ్ళెర్రజేసి చూశారు. వినీల మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎలాగో ముగించారు. జనం మళ్ళీ "ఒన్స్ మోర్" అన్నారు.

ప్రసన్నకుమారి లేచింది. స్టేజీ మెట్లెక్కి పావని చేతిలో మైకు అందుకుంది. తను ఏం చేస్తోందో తనకే పూర్తిగా తెలియలేదు.

"ఏమీ అనుకోకండి. పిల్లలు మధ్యాహ్నం నుంచీ ఏమీ తినలేదండి. ఆత్రేయపురం వచ్చి పూతరేకులు తినకుండా వాయించి పోయారంటే మాట మా పిల్లలకి రాదు, మీ ఊరికొస్తుంది."

షామియానా అంతా గొల్లున నవ్వింది. పెళ్ళికూతురి తండ్రి నొచ్చుకుని, "ఎంత మాటండీ!" అంటూ పళ్ళేలు పట్టించుకుని తనే పరుగెత్తుకొచ్చాడు. పిల్లలు స్టేజీ దిగి బతుకు జీవుడా అన్నట్టు కూర్చున్నారు. మాస్టారు మాత్రం పూతరేకు ముట్టలేదు.

మర్నాడు పొద్దున టిఫిను దగ్గర తుపాను తీరం దాటింది.

"నా స్టేజీ మీద నా మైకు లాక్కుంటావా?"

"లాక్కున్నాను. ఆ పిల్ల చెయ్యి చూశారా మీరు?"

"చూశాను. చెయ్యి తిరగట్లేదని మొన్న తనే వచ్చి చెప్పింది. సాధకం చాలట్లేదు, ఇంకో గంట వాయించు, అదే తిరుగుతుందన్నాను. వాయించింది కూడా. అయినా ఏం లాభం, నిన్న పరువు తీసింది."

ప్రసన్నకుమారి చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

"అయ్యో నా దేవుడా! చెయ్యి తిరగట్లేదంటే విద్య రాలేదని కాదండీ! మణికట్టు తిరగట్లేదని! వాచిపోయి తిరగట్లేదు!"

ఆవిడ మాస్టారి మణికట్టు పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూపించింది. మాస్టారు తన చేతిని తనే కొత్తగా చూస్తున్నట్టు చూశారు. నలభై ఏళ్ళుగా చెయ్యి తిరగడమంటే ఆయనకి ఒకటే అర్థం. ఆ మాటకి చేతితో కూడా సంబంధం ఉంటుందని ఎప్పుడూ తట్టలేదు.

"మరి ఆ సంగతి సరిగ్గా చెప్పదేం?" అన్నారు నెమ్మదిగా.

"చెప్పింది కదండీ."

ఆయన ఇడ్లీ పళ్ళెం పక్కకి నెట్టి చొక్కా తొడుక్కున్నారు. ఆ పూటే వినీలని కూడా తీసుకుని ముగ్గురూ బ్రిడ్జి దాటి రాజమండ్రి వెళ్ళి ఎముకల డాక్టరుకి చూపించారు. ఆయన చెయ్యి నొక్కి, తిప్పి, ఎక్స్‌రే తీయించి, నరాల చుట్టూ ఉండే పొర వాచిందన్నాడు. ఆరు వారాలు వయొలిన్ ముట్టకూడదు. ముట్టకపోతే మళ్ళీ మామూలు చెయ్యి అవుతుంది, ముట్టుకుంటే ఏమవుతుందో తను చెప్పలేనన్నాడు. వినీల ఆసుపత్రి మెట్ల మీదే ఏడ్చేసింది. జూలై ఎంతో దూరం లేదు.

తిరిగొచ్చేసరికి పల్లంరాజుగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. వారంలో మూఢం మొదలు. మూఢమంటే చర్చి పెళ్ళిళ్ళు, పది పన్నెండు మాట్లాడుకుని మహా హుషారుగా ఉన్నారు.

"రాజుగారండీ, ఈసారి మూఢంలో మేం వాయించం" అంది ప్రసన్నకుమారి.

పల్లంరాజుగారు తెల్లబోయారు. "అదేంటమ్మా! మీకు మూఢమేంటి?"

"ఎందుకుండకూడదు? మీ అమ్మాయి పెళ్ళి మూఢంలో చేస్తారా?"

"రామ రామ!"

"దుర్గాసాయి మీ మతం పిల్లాడేగా? శ్రీదుర్గ, పావని? వాళ్ళ చేత మూఢంలో పెళ్ళికి వాయింపిస్తే వాళ్ళకి మంచిదాండీ?"

ఇన్నేళ్ళలో ఈ కోణం పల్లంరాజుగారికి తట్టనే లేదు. పంచాంగం ఉన్న జేబు మీదికి చెయ్యి దానంతటదే వెళ్ళింది.

మాస్టారు కలగజేసుకున్నారు. "వాళ్ళకి మూఢం సరే. మనకెందుకే? పాస్టరుగారు వింటే నవ్వుతారు."

"నవ్వనివ్వండి. శ్రమల దినాల్లో మీరు మాంసం మానేస్తారు, సినిమా మానేస్తారు. వినీల చేత మాత్రం రోజు విడిచి రోజు పెళ్ళిళ్ళకి వాయింపించారు. శ్రమల దినాలంటే మీకు పేరుకి. ఆ పిల్లకే నిజం శ్రమ. దేవుడు కూడా ఆరు రోజులు పని చేసి ఏడో రోజు కూర్చున్నాడండీ. మీరు ఆయన కంటే గట్టివాళ్ళా?"

పల్లంరాజుగారికి నవ్వొచ్చింది గానీ మాస్టారి మొహం చూసి దగ్గుగా మార్చుకున్నారు. చాలాసేపు వాదన నడిచింది. చివరికి మాట కుదిరింది. ఇక మీదట ఆర్కెస్ట్రాకి మూఢమూ ఉంటుంది, శ్రమల దినాలూ ఉంటాయి, అందరికీ రెండూ ఉంటాయి. నోటిమాట గట్టిగా ఇచ్చేసిన రెండు పెళ్ళిళ్ళకి మాత్రం నొప్పుల్లేని నలుగురితో మాస్టారు వెళ్తారు. తక్కినవి పల్లంరాజుగారు వేరే వాళ్ళకి అప్పగిస్తారు.

"ఇంకొకటి" అంది ప్రసన్నకుమారి. "నొప్పి చెప్పుకున్న పిల్లల కుర్చీ ఇంకొకరికి ఇవ్వకూడదు."

"అదెలా కుదురుతుందే? మొదటి వయొలిన్ లేకుండా ఎలా?"

"అది మీరే చూసుకోండి మాస్టారూ" అందావిడ. భర్తని ఆవిడ మాస్టారూ అని పిలిచిందంటే ఇక తిరుగు లేదని పల్లంరాజుగారికి కూడా తెలుసు.

మొదటి పెళ్ళి జంగారెడ్డిగూడెంలో. ప్రసన్నకుమారి వినీలని వెంటబెట్టుకుని వెళ్ళింది, ఊరికే వినడానికి. స్టేజీ మీద మొదటి వయొలిన్ కుర్చీ వేసి ఉంది, ఖాళీగా. శ్రీదుర్గ తన రెండో కుర్చీలోనే కూర్చుంది. మాస్టారు ఖాళీ కుర్చీ పక్కన నిలబడి మొదటి వయొలిన్ తనే వాయించారు. పెళ్ళివారి కుర్రాడొకడు వచ్చి, "కూర్చోండి మాస్టారూ, కుర్చీ ఉంది కదా" అంటే, "అది మా అమ్మాయిది" అన్నారు మైకు ముందే. వినీల చున్నీలో మొహం దాచుకుంది. ఆ క్షణంలో భర్త మీద కలిగినంత ప్రేమ ప్రసన్నకుమారికి పెళ్ళైన కొత్తలో కూడా కలగలేదు. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు, వంగిందే అని మురిసిపోయింది.

మూడు గంటలు నిలబడి వాయించిన ఫలం మర్నాడు తెలిసింది. మాస్టారు పొద్దున్నే వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి, "ప్రసన్నా, కాసిని మంచినీళ్ళు" అన్నారు. మెడ ఓ పక్కకి వాలి ఉంది, తిరగడం లేదు. ఆవిడ మూకుడులో ఉప్పు పోసింది.

ఆ మూఢమంతా ఇల్లు సందడిగానే ఉంది, వాయిద్యం మోతే తక్కువ. వినీల రోజూ వచ్చి గోరువెచ్చని నీళ్ళలో చెయ్యి ముంచి నెమ్మదిగా తిప్పేది. ఆడిషను పాఠాలన్నీ వయొలిన్ లేకుండా నోటితో పాడుకునేది. మాస్టారు పక్కన కూర్చుని తప్పులు చెప్పేవారు. దుర్గాసాయి డ్రమ్ములు మూలకి జరిగాయి, చెవుల్లో పెట్టుకోడానికి ప్రసన్నకుమారి రాజమండ్రి నుంచి రబ్బరు బిరడాలు తెప్పించింది. పావనికి మాట్లాడే రోజులూ మౌనం రోజులూ వేరుపడ్డాయి. మౌనం రోజుల్లో ఇల్లు ఇంత ప్రశాంతంగా ఉంటుందని తనకి తెలియదని రాజ్ కుమార్ అంటే ఆ పిల్ల చెప్పు చూపించింది. మాస్టారికేమో డ్రిల్లు రోజులు గుర్తొచ్చాయి. ప్రాక్టీసు మళ్ళీ మొదలయ్యాక అరగంటకోసారి ఈల ఊది, "చేతులు పైకి! భుజాలు కిందికి! నొప్పెవరికి?" అని అరిచేవారు. నొప్పి గురించి కూడా కోపంగానే అడిగేవారు. ఎలా అడిగినా ఇప్పుడు పిల్లలు నిజం చెప్పడం మొదలెట్టారు.

ఆరు వారాలూ అయ్యాయి. డాక్టరు సరేనన్నాడు. మొదట పావుగంట, తర్వాత అరగంట, అలా మెల్లగా వినీల చెయ్యి మళ్ళీ తీగల మీదికి వచ్చింది. ఆడిషనుకి పొద్దున్న బండికి ముగ్గురూ విజయవాడ వెళ్ళారు.

పిలుపు వచ్చేలోగా రేడియో స్టేషను ఆవరణలో చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నారు. వినీల ఒకసారి మొత్తం వాయించుకుంది. చాలా బాగుంది. మాస్టారికి చేతులు ఊరుకోలేదు.

"ఆ మధ్యలో చరణం ఇంకొక్కసారి చూసుకో. ఒక్కసారంతే."

వినీల కమాను పైకెత్తింది. ఆగింది. కమాను దించింది.

"చాలండి మాస్టారూ" అంది. "మిగతాది లోపల వాయిస్తాను."

ఇన్నేళ్ళలో ఏ శిష్యుడూ ఆయనతో చాలన్న మాట అనలేదు. అనేది ఆయన ఒక్కరే. మాస్టారి మొహం ఎర్రబడింది, నోరు తెరిచారు, ఏదో అనబోయారు. తర్వాత వయొలిన్ ఆ పిల్ల చేతిలోంచి తనే తీసుకుని, పెట్టెలో పెట్టి, మూత వేసి ఒళ్ళో పెట్టుకున్నారు. పిలిచేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నారు.

వినీల లోపలికి వెళ్ళిన కాసేపటికి ఆయన లేచి పచార్లు మొదలుపెట్టారు. ఎవరు వాయించి బయటికొచ్చినా ఆయన అడిగే మొదటి మాట ఒకటే ఉండేది: శ్రుతి ఎక్కడ తప్పావు? ఇవాళా అదే అడుగుతారని, అడిగితే ఈసారి అందరి ముందే గట్టిగా దెబ్బలాడాలని ప్రసన్నకుమారి నిశ్చయించుకుంది.

ఆడిషనులో నెగ్గిందా అంటే, నెగ్గింది. ఆ కబురు నెల తర్వాత తెలిసింది. ఆ పూట మాత్రం ఏమీ తెలియదు. తలుపు తెరుచుకుని వినీల వచ్చింది, మొహమంతా చెమట. మాస్టారు గబగబా ఎదురెళ్ళి ఆ పిల్ల ఎడం చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"చెయ్యెలా ఉందమ్మా? నొప్పెట్టిందా?"

"లేదండి, బాగానే ఉంది" అంది వినీల. ఆయన ఇంకేమైనా అడుగుతారేమోనని చూసింది. అడగకపోయేసరికి తనే నవ్వేసింది. "ఎలా వాయించానో అడగరేంటండి?"

"అది లోపలున్న పెద్దలు చూసుకుంటార్లే" అన్నారు మాస్టారు. "పద, ముందు భోంచేద్దాం."

ప్రసన్నకుమారి దెబ్బలాడ్డానికి దాచుకున్న మాటలన్నీ మర్చిపోయింది. కళ్ళు తుడుచుకుని, వయొలిన్ పెట్టె తను పట్టుకుని, వాళ్ళిద్దరి వెనకాలే నడిచింది.